పచ్చబొట్టు లేని పిల్ల

పోయిన ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి ఫిర్యాదు పట్టుకుని నా గదిలోకి వచ్చింది. మనవరాలు పచ్చబొట్టు పొడిపించుకుంటానంటోందట. పచ్చబొట్టు అంటే ఆ పిల్లకి కోపం, టాటూ అనాలి. మణికట్టు మీద చిన్న పిట్ట బొమ్మ. కాలేజీలో అందరూ వేయించుకున్నారట, ఇదొక్కతే మిగిలిపోయిందట.

"నువ్వు చెప్పమ్మా. నా మాటంటే దానికి లెక్కలేదు. నువ్వు వద్దంటే ఆగుతుంది," అంది మా అమ్మాయి.

నేను చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. తలెత్తకుండా ఏరుతూనే ఉన్నాను. మా అమ్మాయి కాసేపు చూసి, విసుక్కుని వెళ్ళిపోయింది.

ఈ అమ్మాయే ఐదో క్లాసులో ఉండగా, "అమ్మా, రేపు స్కూలుకి నాన్నని పంపు, నువ్వు రాకు" అంది. ఎందుకే అంటే నా గడ్డం వంక చూసి తల దించుకుంది. నా గడ్డం మీద మూడు చుక్కలున్నాయి. ఎడమ చేతి మీద తేలుంది. భవానీపురంలో కొత్తగా కాపురం పెట్టినప్పుడు, ఇల్లు గలావిడ తలుపు తట్టి, నన్ను ఎగాదిగా చూసి, "మీ అమ్మగారిని పిలువు" అంది. అమ్మగారిని నేనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అప్పట్నుంచి పౌడరు దట్టంగా అద్దుకుంటే గానీ గడప దాటేదాన్ని కాదు. బెజవాడ ఎండల్లో ఏ పౌడరు నిలుస్తుంది గనక! బస్టాపు చేరేలోపు చెమటకి కారిపోయి చుక్కలు మళ్ళీ బయటపడేవి.

అలాంటిది, ఇప్పుడు మనవరాలు స్నేహితుల్ని ఇంటికి తీసుకొచ్చి, "మా అమ్మమ్మది ఒరిజినల్" అని నా గడ్డం పట్టుకుని మరీ చూపిస్తుంది. వాళ్ళు ఫోన్లు తీసి ఫొటోలు తీసుకుంటారు. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా!

వద్దని నేను చెప్పలేదు. చెప్పకపోగా దానితో పాటు ఆ షాపుకి కూడా వెళ్ళాను. బందరు రోడ్డు పక్క సందులో, మెట్లెక్కి పైకి పోవాలి. లోపల ఏసీ, ఆస్పత్రి వాసన. బొమ్మలు వేసే అమ్మాయికి రెండు చేతులూ భుజాల దాకా పూలూ పాములూనే. నా గడ్డం చూసి కుర్చీలోంచి లేచి వచ్చింది. "ఎవరు వేశారండీ? ఇన్నేళ్ళయినా చుక్క పాకలేదు చూడండి," అని వేలితో తడిమింది. మిషను జుయ్యిమంటుంటే మనవరాలు కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో చెమట చూస్తే నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక మా అమ్మాయి నన్ను దులిపేసింది. "పెద్దదానివై ఉండి, అడ్డం పడాల్సింది పోయి దగ్గరుండి పొడిపించుకొస్తావా?" అని రెండు రోజులు మాట్లాడలేదు.

ఏం చెప్పను దానికి? పచ్చబొట్టు వద్దని నేను ఒక పిల్లకి ఒకసారి చెప్పాను. ఆ పిల్ల మా చెల్లి. నా మాట నమ్మింది. నమ్మినందుకు, అది పోయాక దాన్ని వెతుక్కోవడానికి మా నాన్నకి ఏ ఆనవాలూ మిగల్లేదు. ఈ సంగతి నేను కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నదానికి చెప్పలేదు. ఇంక దాచుకుని ఏం చేస్తాను, రాసేస్తున్నాను.

మాది దివిసీమలో సముద్రానికి కూతవేటు దూరంలో ఉండే పల్లె. అందరూ చేపల వేటకి పోయేవాళ్ళే. తాటాకు ఇళ్ళు, తాటిమట్టల దడులు. ఊళ్ళో అడుగుపెడితే ముందు ముక్కుకి తగిలేది ఎండు చేపల వాసన. పైఊరి వాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు గానీ మాకు అది అన్నం వాసన. ఇసుకలో మెత్తళ్ళు ఆరబోసి, కాకుల్ని తోలమని అమ్మ నన్నూ చెల్లినీ కాపలా పెట్టేది. చిన్న చిన్న చేపలు, వేలెడంత ఉంటాయి. మేం దడి చాటున చితుకులు రాజేసి వాటిని కాల్చుకుని తినేవాళ్ళం. సాయంత్రం అమ్మ చేటలోకి ఎత్తుతూ, "ఈ ఊరి కాకులు మసి మూతులతో తిరుగుతున్నాయే!" అని మా మూతులు కొంగుతో తుడిచేది. అమ్మ మెత్తళ్ళలో పచ్చి చింతకాయ నూరి పోసి పులుసు పెట్టిందంటే, మర్నాడు చద్దన్నంలోకి ఆ దాక అడుగు కోసం నాకూ చెల్లికీ జుట్లు పట్టుకునేదాకా వచ్చేది.

ఆ ఊళ్ళో పచ్చబొట్టు లేని మనిషి లేడు. మగవాళ్ళకి కుడి ముంజేతి మీద పేరు ఉండాల్సిందే. వేటకి పోయినవాణ్ణి సముద్రం ఎక్కడ ఒడ్డుకి తోసినా, ఎవరి తాలూకు మనిషో అక్కడివాళ్ళకి తెలియాలి కదా. ఆడవాళ్ళకి చిన్నప్పుడు గడ్డం మీద చుక్కలు, చేతి మీద తేలు. పెళ్ళయ్యాక దాని పక్కనే మొగుడి పేరు. మా అమ్మ చేతి మీద నాన్న పేరు నీలంగా, వంకరటింకరగా ఉండేది. వాళ్ళిద్దరికీ అక్షరం ముక్క రాదు. అది నాన్న పేరేనని పొడిచినామె చెప్తే నమ్మారు. నేను బళ్ళో అక్షరాలు నేర్చుకున్నాక మొట్టమొదట చదివింది అమ్మ చేతినే. "సరిగ్గానే ఉందా?" అని అడిగింది అమ్మ. ఉందంటే ఎంత సంబరపడిందో!

"ఎందుకమ్మా ఇవన్నీ?" అని ఒకసారి అడిగాను.

"పోయినాక పైన అడుగుతారంటే, ఏం తెచ్చావని," అంది అమ్మ. "బంగారం ఈడే ఊడబీక్కుంటారు. చీర ఈడే లాగేత్తారు. కూడా వచ్చేది ఇదొక్కటే."

పచ్చబొట్లు పొడిచే ఆమె ఏడాదికి రెండుసార్లు వచ్చేది. పొడుగ్గా, నల్లగా, పెద్ద ముక్కుపుడకతో ఉండేది. భుజాన జోలె. "పచ్చబొట్లమ్మా పచ్చబొట్లూ" అని వీధి మొదట్లో కేక వినపడితే చాలు, ఏడెనిమిదేళ్ళ పిల్లలందరూ మాయమైపోయేవాళ్ళు. ఆముదం దీపం మసి, గుంటగలగరాకు పసరు, ఆ రెండిట్లో ఊళ్ళో బాలింత ఎవరుంటే వాళ్ళనడిగి నాలుగు చుక్కల చనుబాలు కలిపి రంగు నూరుకునేది. నాలుగు సూదులు దారంతో కలిపి కట్టుకునేది. పొడిచినంతసేపూ ఏదో పాట పాడుతూనే ఉండేది, ఏడుపు బయటికి వినపడకుండా. పని అయ్యాక పసుపూ ఆముదమూ రాసేది. ఆ వాసన, పసుపూ ఆముదమూ నెత్తురూ కలిసిన వాసన, నా ముక్కులో ఇప్పటికీ ఉంది. బియ్యమో ఎండు రొయ్యలో పాత చీరో ఇస్తే పుచ్చుకుని పోయేది.

నాకు ఏడో ఏట పొడిపించారు. అమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో అదిమిపట్టింది. నేను ఊరుకున్నానా, పచ్చబొట్లామె వేలు కసుక్కున కొరికాను. "అమ్మో, పిల్ల కాదు సొరచేప!" అంది ఆమె, నవ్వుతూనే పొడిచింది. మూడు రోజులు గడ్డం బూరెలా వాచింది. జావ తప్ప ఇంకేం మింగుడుపడలేదు. నాలుగో రోజు అద్దంలో చూసుకున్నాను. ఆ చుక్కలు చూసుకుని నాకెంత గర్వమో! చెల్లి అప్పుడు బుడిబుడి నడకల పిల్ల. వచ్చి నా గడ్డం గోకి చూసింది, ఊడొస్తాయేమోనని.

అప్పట్నుంచి దానికి ఒకటే గోల, నాకెప్పుడు, నాకెప్పుడు అని. అందరు పిల్లలూ పారిపోయే పచ్చబొట్లామె వెనకాల ఇది ఒక్కతే "నాకు పొడువు, నాకు పొడువు" అని పడేది. ఎనిమిదో ఏడు రానీ అనేది అమ్మ. దానికి అంతదాకా ఆగే ఓపిక ఎక్కడిది, కుండ మసి వేలితో తీసి గడ్డానికి మూడు చుక్కలు పెట్టుకుని ఊరంతా తిరిగేది.

నేను ఐదు పాసయ్యాక నన్ను హైస్కూలుకి పంపారు. మా ఊళ్ళో అంతదూరం చదివిన మొదటి ఆడపిల్లని నేనే. హైస్కూలున్న ఊళ్ళో మా పెద్దమ్మ, అంటే అమ్మకి అక్క, ఉండేది. మా పల్లె నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరేంత దూరం. మాగాణి ఊరు, అంతా వరి చేలు. బళ్ళో రైతుల పిల్లలే ఎక్కువ. మొదటి రోజే నా వెనక బెంచీ పిల్ల, "గడ్డం మీద ఈగలు వాలాయి, తోలుకో" అంది. క్లాసంతా గొల్లున నవ్వింది. సైన్సు మేష్టారు ఒకరోజు నన్ను లేపి నిలబెట్టి, "చూశారా, చదువు లేకపోతే ఒళ్ళు ఇలా పాడుచేసుకుంటారు. మోటు అలవాట్లు," అని పాఠం చెప్పారు. నేను అరగంట అలాగే నిలబడ్డాను. కూర్చోమనడం ఆయన మర్చిపోయారు.

ఆ సాయంత్రం ఇటుక ముక్కతో గడ్డం తోముకున్నాను. తోలు లేచి నెత్తురొచ్చింది గానీ చుక్కలు పోలేదు. పెద్దమ్మ చూసి, "ఏం పనే ఇది పిచ్చిదానా! పోయేయి కావే అయ్యి," అని కొబ్బరినూనె రాసింది. ఆమె మాత్రం అంత ఎండాకాలంలో కూడా మోచేతులు దాటిన జాకెట్టే తొడిగేది. ఎందుకో అప్పుడు అర్థమైంది. ఆ ఊళ్ళో బతకాలంటే కప్పుకోవాలి.

దసరా సెలవులకి ఇంటికెళ్ళాను. అప్పటికి నాకు పదమూడో ఏడు. చెల్లికి ఎనిమిది నిండింది. దాని సంబరం చూడాలి! ఈసారి పచ్చబొట్లామె వస్తే పొడిపిస్తానని అమ్మ మాటిచ్చిందట. గడ్డానికి ఎన్ని చుక్కలు, తేలు తల ఎటుండాలి, అన్నీ ఆలోచించి పెట్టుకుంది. రాత్రీ పగలూ అదే ధ్యాస.

"నీకొద్దే," అన్నాను నేను.

"నీకుందిగా!"

"నాకుంది కాబట్టే చెప్తున్నా. అది మోటు."

మోటు అంటే ఏంటో దానికి తెలియదు, లెక్కచేయలేదు. బళ్ళో నవ్వుతారంటే, "నేనూ నవ్వుతా" అంది. ఇంక నాకు ఒళ్ళు మండింది. నాకు దక్కినట్టు దీనికీ దక్కుతుంది, ఈగలూ ఇటుక ముక్కలూ అన్నీ, అనుకున్నాను. దాని మీద ప్రేమే అది, కాదనను. కానీ ప్రేమతో నేను చేసింది ఏమిటంటే అబద్ధం ఆడాను. "పచ్చబొట్టున్న పిల్లల్ని ఇంక హైస్కూల్లో చేర్చుకోరు. కొత్త రూలు. నన్ను ముందే చేర్చుకున్నారు కాబట్టి సరిపోయింది. నువ్వు పొడిపించుకుంటే ఇక్కడే ఉండి మెత్తళ్ళు ఎండబెట్టుకోవాల్సిందే," అన్నాను.

దాని ముఖం పాలిపోయింది. నాతో పాటు పెద్దమ్మ ఊరొచ్చి, నా పక్క మంచం మీద పడుకుని, నాతో బడికెళ్ళాలని దానికి ఎంత ఆశో నాకు తెలుసు. తెలిసే ఆడాను ఆ అబద్ధం.

రెండు రోజులకి వీధి మొదట్లో కేక వినిపించింది. ఒడ్డున బోర్లించిన పాత పడవ ఒకటుండేది. చెల్లిని ఆ పడవ కింద దూర్చి, పైన చిరిగిన వల కప్పేశాను. అమ్మ ఊరంతా పిలిచింది. నేనూ అమ్మతో కలిసి పిలిచాను, దొంగముఖం పెట్టుకుని. పచ్చబొట్లామె మా అరుగు మీద పొద్దు తిరిగేదాకా కూర్చుంది. "అన్నేళ్ళ నుంచి నా ఎనకాల పడ్డ పిల్ల, ఇయ్యాల నా సూది చూసి పారిపోయిందా!" అని ఆశ్చర్యపోయింది. చివరికి జోలె భుజాన వేసుకుని, "కోతలయ్యాక వస్తాలేమ్మా" అని వెళ్ళిపోయింది.

పడవ కిందనుంచి చెల్లి ఒళ్ళంతా ఇసుకతో బయటికొచ్చింది. ఏడవలేదు. "ఇంక నన్ను చేర్చుకుంటారుగా అక్కా?" అని అడిగింది. ఆఁ అన్నాను.

నెల తిరిగీ తిరక్కముందే ఉప్పెన వచ్చింది.

ఆ వేళ నాన్న ఎండు చేపల బుట్టలతో పెద్దమ్మ ఊరి సంతకొచ్చాడు. గాలి ఎక్కువైందని, పొద్దున్నే పోవచ్చని మా దగ్గర ఆగిపోయాడు. అందుకే నాన్న మిగిలాడు. నేనూ అందుకే మిగిలాను, చదువు పేరు చెప్పి ఆ ఊళ్ళో ఉన్నాను గనక. మా పల్లెలో అమ్మా చెల్లీ ఉన్నారు. తాటిచెట్టు ఎత్తున కెరటం వచ్చిందని తర్వాత అన్నారు.

నీళ్ళు కాస్త తీశాక నాన్న బయల్దేరాడు. నేనూ వస్తానంటే పెద్దమ్మ నా రెక్క పట్టుకుని లాగింది. "ఆడపిల్లని ఆ ఘోరంలోకి తీసుకుపోతావా మరిదీ!" అంది.

"రానీ వదినా," అన్నాడు నాన్న. "నాకు చదువు రాదు. అది చదువుద్ది."

ఏం చదవాలో అప్పుడు నాకు అర్థం కాలేదు. కాలవగట్టు వెంట నడిచాం. పంట చేలన్నీ ఉప్పు బురద. ఆ దారిలో చూసినవన్నీ నేను రాయను, రాయలేను. మా ఊరున్న చోట ఊరు లేదు. మిగిలినవాళ్ళు, చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్ళు, పోయినవాళ్ళని మెరక మీదికి చేరుస్తున్నారు. ముఖాలు చూసి పోల్చుకునే స్థితి దాటిపోయింది. నగలు లేవు, బట్టలు నీళ్ళే లాగేసుకున్నాయి. పోల్చుకోవడానికి మిగిలింది చేతులే.

నాన్న మొదటి చెయ్యి బురద తుడిచి, నా వైపు చూసి, "చదువమ్మా" అన్నాడు.

చదివాను. అక్షరం వచ్చినవాళ్ళు అక్కడ ఎవరూ లేకపోవడంతో ఇంక అందరూ నన్నే పిలిచారు. "అమ్మాయ్, ఇటు రా, ఈ చెయ్యి చదువు." "ఇదిగో తల్లీ, ఇది కూడా." మగవాళ్ళ చేతుల మీద వాళ్ళ పేర్లుండేవి, అది సులువే. ఆడవాళ్ళ చేతుల మీద ఉండేవి మొగుళ్ళ పేర్లు. నేను పైకి చదివితే ఆ మొగుడు పక్కనే నిలబడి ఉండేవాడు, తన పేరు తనే వినేవాడు. ఒకాయన నేను చదవగానే, బళ్ళో హాజరు పలికినట్టు, "ఆఁ, నేనే" అన్నాడు. తర్వాత అక్కడే కూలబడ్డాడు. సైన్సు మేష్టారు ఈసడించిన మోటు అలవాటే ఆ రోజు ఎంతమందిని వాళ్ళ వాళ్ళకి అప్పగించిందో! నా గొంతు పోయేదాకా చదివాను.

అమ్మ రెండో రోజు దొరికింది. దూరం నుంచే తేలు చూసి నేను గుర్తుపట్టాను. అయినా నాన్న ఒప్పుకోలేదు, ఆ తేలు ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఉంటుంది గనక. చెయ్యి తుడిచి, "చదువు" అన్నాడు. నాన్న పేరు నేను ఎప్పుడూ పైకి అనలేదు, కన్నవాళ్ళ పేర్లు పిల్లలు అనకూడదు. ఆ రోజు అన్నాను.

"ఇంకోసారి చదువమ్మా," అన్నాడు నాన్న.

ఇంకోసారి చదివాను.

అమ్మకి జరగాల్సింది జరిపించి, చెల్లి కోసం మళ్ళీ మొదలుపెట్టాం. ఎలా వెతకాలి? చిన్న పిల్లలు చాలామంది ఉన్నారు. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి గడ్డం మీద చుక్కలన్నా ఉన్నాయి, ఏ తల్లో తండ్రో అవి తడిమి తీసుకుపోతున్నారు. నాన్న చుక్కలు లేని పిల్ల కోసం ప్రతి పిల్ల దగ్గరా వంగి గడ్డం కిందకి చూస్తున్నాడు. "దసరాకి పొడిపిస్తానందిగా మీ అమ్మ? మరెందుకు పొడిపించలేదు?" అన్నాడు నాతో. ఆ రోజు అది కనపడలేదని చెప్పాను. "అయ్యో పిచ్చిముండా," అన్నాడు నాన్న. చెల్లినే అన్నాడు, నన్ను కాదు.

చుక్కలున్న పిల్లలు అయిపోయారు. ఏ గుర్తూ లేనివాళ్ళు మిగిలారు. ఎక్కడినుంచో సాయానికి వచ్చినవాళ్ళు, మూతికి గుడ్డలు కట్టుకుని, వాళ్ళందర్నీ ఒక చోట పేర్చి కిరసనాయిలు పోస్తున్నారు. వాళ్ళ తప్పేం లేదు, ఆగితే రోగాలొస్తాయి. నాన్న వాళ్ళకి అడ్డం వెళ్ళి, ఒక పిల్ల దగ్గర ఆగి, ఈ పిల్ల మా పిల్లే అన్నాడు.

నేను దగ్గరికెళ్ళి చూశాను. ఒడ్డూ పొడుగూ చెల్లిలాగే ఉంది. కానీ ఆ పిల్లకి నడుం దాకా జుట్టుంది. చెల్లికి పేలు పట్టాయని ఆ దసరా సెలవుల్లోనే నున్నగా గుండు గీయించారు. నాన్నే దగ్గర కూర్చుని గీయించాడు.

మూతికి గుడ్డ కట్టుకున్న ఆయన, "మీ పిల్లేనా? చూసుకున్నారా?" అని అడిగాడు. "నా పిల్ల నాకు తెలవదా!" అని నాన్న కసిరాడు. ఆ పిల్లని రెండు చేతుల మీద ఎత్తుకుని, సరుగుడు తోటలుండే ఇసుక దిబ్బ మీదికి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. చిన్నపిల్లల్ని మేం పూడుస్తాం. నాన్న చేతులతోనే గుంట తవ్వాడు. పిల్లని పడుకోబెట్టి, తలగుడ్డ విప్పి కప్పి, చెల్లిని పిలిచే పేరుతోనే పిలిచి, "పడుకోమ్మా" అన్నాడు.

నేను ఇంక ఆగలేకపోయాను. "నాన్నా, అది చెల్లి కాదు."

"తెలుసమ్మా."

"చెల్లికి పచ్చబొట్టు లేకుండా చేసింది నేనే నాన్నా. పొడిపించుకుంటే బళ్ళో చేర్చుకోరని అబద్ధం చెప్పా. పడవ కింద నేనే దాచా."

నాన్న నా వంక చూడలేదు. తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఇసుక తోస్తూ తోస్తూ, గుంట నిండాక, రెండు అరచేతులూ దాని మీద ఆనించి అలాగే ఉండిపోయాడు.

"మన పిల్ల కూడా ఎక్కడో ఒకచోట ఒడ్డుకి చేరే ఉంటది," అన్నాడు చివరికి. "ఆడ కూడా నాలాంటోడు ఒకడు ఉండకపోడు. ఇది మా పిల్లే అని అనుంటాడులే."

నాన్న ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నన్ను చదివించాడు, పెళ్ళి చేశాడు, నా బిడ్డని ఎత్తుకున్నాడు. ఆ పిల్ల తల్లిదండ్రులెవరో మాకు తెలియదు. వాళ్ళు తమ కూతురి కోసం ఎన్నాళ్ళు వెతుక్కున్నారో తెలియదు.

నేను మాత్రం ఇన్నేళ్ళూ ఆ దిబ్బ మీద నాన్న అన్న మాట పట్టుకునే బతికాను. ఏదో ఒక ఊళ్ళో, ఏదో ఒక మెరక మీద, ఎవరో ఒక తండ్రి మా చెల్లిని చూపించి అబద్ధం ఆడి ఉండాలి. ఆడినవాడు ఎవరైనా సరే, వాడి పిల్లా మేకా చల్లగా ఉండాలని రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఆడకపోయి ఉంటే, ఎవరి పిల్లో తెలియక దాన్ని ఆ కిరసనాయిలు కుప్పలోనే వేసి ఉంటారు. ఏదైతేనేం, హైస్కూల్లో చేర్చుకుంటారన్న ఆశతోనే పోయింది నా చెల్లి.